ఒక్క అక్షరం చెప్పు, చాలు

ఉక్కునగరంలో కరిగిన ఇనుము పారే నది. నాలుగక్షరాలు.

ఈ ఆధారం ఏ గుంటూరులోనో వరంగల్‌లోనో అచ్చయితే పాఠకులు పత్రికాఫీసుకి ఫోన్ చేసి తగువేసుకుంటారు, ఇనుము పారే నదేమిటండీ అని. విశాఖలో ఆ బాధ లేదు. గాజువాక దాటి స్టీల్ ప్లాంట్ వైపు పోయే షిఫ్ట్ బస్సులో ఎవరినడిగినా కిటికీ మీంచి తల తిప్పకుండానే చెప్పేస్తారు. గోదావరి. విశాఖ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పేరది. రెండోదాని పేరు కృష్ణ, మూడోది అన్నపూర్ణ. వ్యాకరణం పుక్కిట పట్టిన మాస్టారికి, నిఘంటువు ముందేసుకుని కూర్చున్న రిటైర్డ్ గుమస్తాకి అందని జవాబు, ఫర్నేస్ సెగలో ముప్ఫయ్యేళ్ళు చెమటోడ్చిన మనిషికి నాలుక చివర ఉంటుంది.

అదే మనిషి తర్వాతి ఆధారం దగ్గర చతికిలబడతాడు. 'విరటుడి పట్టమహిషి (3)'. ఇంటికి ఫోన్ చేస్తాడు. అవతల అమ్మ విసుక్కుంటుంది. "సుదేష్ణ రా. కీచకుడి అక్క. నర్తనశాల ఎన్నిసార్లు చూశావురా, ఏటి లాభం?" ఆవిడ మళ్ళీ 'ఫ్రిజ్ కనిపెట్టకముందు నీళ్ళు చల్లబరిచిన మట్టిమనిషి' లాంటి మెలికల దగ్గర మనవరాలిని పిలుస్తుంది. మనవరాలు కూజా అని చెప్పి, కొత్త సినిమా హీరో పేరు కూడా గళ్ళలో నింపేసి పోతుంది.

పదవినోదం ఒంటరివాళ్ళ కాలక్షేపం అన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, తెలుగు గళ్ళకి అది బొత్తిగా అతకదు. మన కూర్పరి ఒకే పొద్దున భారతం నుంచి ఒక మాట, పాత సినిమా నుంచి ఒకటి, పోపులపెట్టె నుంచి ఒకటి, సామెతల్లోంచి ఇంకొకటి తీసి గళ్ళలో పేరుస్తాడు. ఇవన్నీ ఒక్క బుర్రలో ఉండవు. ఉన్నాయన్నవాళ్ళు పక్కింటికి వెళ్ళి కనుక్కుని వచ్చినవాళ్ళే.

విశాఖ దీనికి మరీ అనువైన ఊరు. ఇక్కడ ఒక్కో పేటకి ఒక్కో పదసంపద. చేపల రేవులో పొద్దున్నే వేలంపాట దగ్గర నిలబడితే వంజరం, చందువ, పండుగప్ప, కవ్వళ్ళు అని వినబడే పేర్లు బీచ్ రోడ్డు అపార్టుమెంట్లలో చాలామందికి పళ్ళెంలో తప్ప పరిచయం లేదు. పోర్టులో పనిచేసిన వాళ్ళకి జెట్టీ, బెర్త్, కళాసీ అన్నవి ఇంట్లో మాటలు. 1933లో ఈ రేవు తెరుచుకున్నప్పటి నుంచి తమిళం, ఒడియా, బెంగాలీ మాట్లాడేవాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. నౌకాదళం కాలనీల్లో హిందీ, మలయాళం. ఇక అప్పన్న సన్నిధి చుట్టూ తిరిగే మాటలున్నాయి, చందనోత్సవం, నిజరూప దర్శనం, గిరిప్రదక్షిణ. వీళ్ళందరినీ కలిపి ఒక కూడలిలో కూర్చోబెడితే ఎంతటి గళ్ళైనా పావుగంటలో నిండిపోతాయి. కూర్చోబెట్టేవాళ్ళు లేరు కాబట్టి అటూ ఇటూ ఫోన్లు తిరుగుతుంటాయి.

ఈ ఊళ్ళోనే పుట్టిన ఇద్దరు

తెలుగులో ఈ ఆటకి పేరు పెట్టి, గౌరవం తెచ్చిన వాళ్ళలో ముందు చెప్పుకోవలసిన ఇద్దరూ విశాఖపట్నంలో పుట్టినవాళ్ళే కావడం యాదృచ్ఛికమో, ఈ ఊరి నీళ్ళ మహిమో తేల్చలేం. 1910లో పుట్టిన శ్రీశ్రీ 'పదబంధ ప్రహేళిక' కట్టారు. 1925లో పుట్టిన ఆరుద్ర 'గళ్ళ నుడికట్టు' కట్టారు. ఒకాయన పేరులో సంస్కృత సమాసం, ఇంకొకాయన పేరులో అచ్చ తెలుగు. ఆ రెండు పేర్లలోనే ఇద్దరి పోకడా కనిపిస్తుంది.

మహాప్రస్థానం రాసిన చెయ్యి గళ్ళు గీయడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళు అప్పుడూ ఉండే ఉంటారు. వాళ్ళు శ్రీశ్రీని సగమే చదివారన్నమాట. ఆయన ప్రాసక్రీడలు ఆడినవాడు, లిమరిక్కుని తెలుగులోకి తెచ్చి దానికి లిమఋక్కు అని పేరు పెట్టినవాడు. పైగా పాత్రికేయుడు. 1938లో ఆంధ్రప్రభలో సబ్ ఎడిటర్‌గా చేరినవాడికి పాఠకుడు పొద్దున్నే పత్రిక ఎందుకు తెరుస్తాడో ఒకరు చెప్పక్కర్లేదు. ఆరుద్రదీ అదే వరస. సమగ్ర ఆంధ్ర సాహిత్యం సంపుటాల మీద సంపుటాలు రాసిన ఆయనే చదరంగం మీద పుస్తకమూ రాశారు. అంతటి పాండిత్యం ఉన్నవాడికి తీరిక వేళ కూడా అరవై నాలుగు గళ్ళో, నలుపు తెలుపు గళ్ళో ఉంటే గానీ తోచలేదు.

వీళ్ళు చేసిన పెద్ద పని ఏమిటంటే, ఇంగ్లీషు ఆటని తెలుగు అక్షరం మీదికి ఎక్కించడం. వినడానికి చిన్నదే, చేసి చూస్తే తెలుస్తుంది.

గడిలో ఎంత పడుతుంది?

ఈ ఆట పుట్టింది ఆదివారం అనుబంధంలోనే. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రిక 'ఫన్' అనే తన ఆదివారం సంచికలో వజ్రం ఆకారంలో గళ్ళు గీసి 'వర్డ్ క్రాస్' అని పేరు పెట్టి వేసింది. కట్టినవాడు లివర్‌పూల్ నుంచి వలస వెళ్ళిన ఆర్థర్ విన్. కొన్ని వారాలకి పేరు అటుదిటై క్రాస్‌వర్డ్ అయింది. అక్కడ ఒక గడిలో పడేది ఒక్క లెటర్. మొత్తం ఇరవై ఆరే.

మన గడిలో పడేది అక్షరం. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ మోసుకుని వచ్చే నిండు అక్షరం. 'స్వాతంత్ర్యం' రాయడానికి మనకి మూడు గళ్ళు చాలు. 'లక్ష్మి'కి రెండే. హల్లులకి గుణింతం కడితేనే అయిదు వందలు దాటుతాయి, ఒత్తులు కలిపితే ఇక లెక్క వదిలేయాలి. దీనివల్ల కూర్పరికి నరకం, పూరించేవాడికి స్వర్గం. అడ్డంలో 'రు' ఉంటే నిలువులోనూ 'రు' పడాలి, 'ర' పడినా 'రూ' పడినా చెల్లదు. అందుకే కూర్పరికి మాటలు ఓ పట్టాన కలవవు. అదే కారణంగా పూరించేవాడికి ఒక్క అక్షరం దొరికిందంటే సగం జవాబు దొరికినట్టే. 'రు'తో మొదలయ్యే నాలుగక్షరాల మాటలు ఎన్ని? రుద్రవీణ, రుబ్బురోలు, ఇంకో నాలుగో అయిదో. వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కాబట్టే మన దగ్గర 'ఒక్క అక్షరం చెప్పు, చాలు' అన్న అభ్యర్థనకి అంత విలువ. ఇంగ్లీషు గళ్ళు పూరించేవాడు ఆర్ అనో టీ అనో ఒక లెటర్ అడిగితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. తెలుగులో అడిగినవాడు దాదాపు తాళంచెవి అడుగుతున్నాడు.

ఒకటి పూరించి చూద్దాం. మన ఊరి మాటలతోనే నాలుగు కట్టాను. కాగితం మీద గీసుకోండి.

అడ్డం 1: మృగరాజు, కదలనిది సంధి కుదుర్చుకుంటే అప్పన్న కొండ (4).

ఇందులో 'సంధి కుదుర్చుకుంటే' అన్నది ఊరికే వేసిన మాట కాదు. మృగరాజు సింహ, కదలనిది అచలం. సవర్ణదీర్ఘం చేస్తే సింహాచలం. చిన్నప్పుడు బెంచీ ఎక్కించి నేర్పిన సంధులు ఎందుకు పనికొస్తాయని అడిగేవాళ్ళకి ఇదో జవాబు. ఇంగ్లీషు కూర్పరికి ఈ సదుపాయం లేదు, రెండు ముక్కలు పక్కపక్కన పెట్టుకోవాల్సిందే. మనకి ముక్కలు కలిసేచోట అచ్చు కరిగి రూపం మారుతుంది. ఆ మార్పులో జవాబు దాక్కుంటుంది.

నిలువు 2, సింహాచలంలో చివరి 'లం' నుంచి కిందికి: ఓడ ఆగాలంటే వేస్తారు, కదలాలంటే తీస్తారు (3).

మొదటి అక్షరం 'లం' అని తెలిశాక దీనికి ఎవరి సాయమూ అక్కర్లేదు. లంగరు. ఆ 'లం' లేకుండా చూడండి, తెరచాప అనో తాడు అనో కాసేపు తిరిగొస్తారు.

అడ్డం 4, లంగరులో చివరి 'రు' నుంచి పక్కకి: తపసి మెట్ట (4).

రుషికొండ. ఇక్కడ పాతకాలపు పాఠకులు గొడవకి దిగుతారు. ఋషిని 'రు'తో రాయడమేమిటి, మతి ఉందా అని. పత్రికలు ఎన్నో ఏళ్ళుగా రుషి అనే వేస్తున్నాయి. కూర్పరికి 'ఋ' కావలసినచోట ఋషి, 'రు' కావలసినచోట రుషి. ఇలాంటి అవకాశవాదం గళ్ళలో మామూలే. 'ము' వాడాలా, సున్న పెట్టాలా అన్న పేచీ కూడా ఇదే కోవలోది.

నిలువు 3, పై నుంచి దిగి రుషికొండలోని 'డ' మీద ఆగేది: వేడి, కడపవాళ్ళు 'అక్కడ' అనే చోట. సముద్రం పక్క ఊరు (3).

ఇప్పుడు అసలు తమాషా. చివర 'డ', మూడక్షరాలు, సముద్రం పక్క ఊరు అనగానే విశాఖవాసి చెయ్యి యారాడ అని రాసేస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండకి అవతలి తీరం, అందరూ ఎరిగిందే. అక్షరాలు సరిపోయాయి, ఊరు సరిపోయింది, సముద్రం కూడా ఉంది. వేడి మాత్రం మిగిలిపోయింది. పెన్నుతో రాసేశారా, ఇక కొట్టేసి రాయాల్సిందే. వేడి అంటే ఎండ, కడపవాళ్ళు అక్కడ అనడానికి ఆడ అంటారు. ఎండ, ఆడ కలిస్తే ఎండాడ. రుషికొండకి పక్కనే.

సాయం చేసేవాడి నేర్పు కూడా ఇక్కడే బయటపడుతుంది. యారాడ అని రాసుకుని మురిసిపోతున్న మనిషితో 'తప్పు, ఎండాడ' అంటే ఆట అయిపోయింది. అలా అనేవాళ్ళని మళ్ళీ ఎవరూ అడగరు. తెలిసినవాడు పేపరు వైపు ఓసారి చూసి, కండువాతో మెడ తుడుచుకుని, "ఇయ్యాల ఎండ మండిపోతంది గురూ" అని ఊరుకుంటాడు. అవతలివాడికి రెండు నిమిషాల తర్వాత వెలుగుతుంది. అప్పుడు తనే కనిపెట్టానన్న ధీమాతో తల ఎత్తి చూస్తాడు. ఆ ధీమాని చెడగొట్టకపోవడమే మర్యాద.

కూర్పరి సైగలు

అందరికన్నా ముందు సాయం చేసేది కూర్పరే. ఆధారంలో ఏదో ఒక మాట సైగ చేస్తుంటుంది. 'తిరగబడింది', 'అటునుంచి', 'కింది నుంచి పైకి' అంటే మాటని వెనకనుంచి చదవాలి. తీగ తిరగబడితే శిరస్సు అన్నాడంటే లత, తల. 'తోక తెగింది' అంటే చివరి అక్షరం లేదు, 'తల తెగింది' అంటే మొదటిది. 'తడబడింది', 'చెల్లాచెదురైంది' అంటే అక్షరాలు కలగాపులగం. తెనాలి రామకృష్ణుడిని వికటకవి అని ఎటునుంచి చదివినా ఒకటే అని చెప్పుకుని మురిసిన జాతి మనది. కవితని తిరగేసి తవిక అని ఎగతాళి చేసిన జాతీ మనదే. ఈ విద్య కొత్తగా నేర్చుకోవలసింది కాదు.

ఒక ఫిర్యాదు మాత్రం ఉంది. ఈ మధ్య చాలా గళ్ళలో 'తడబడింది' మరీ ఎక్కువైపోయింది. ఇంగ్లీషులో తొమ్మిది లెటర్ల మాటని కలిపేస్తే 3,62,880 రకాలుగా పేర్చొచ్చు, అక్కడ చిక్కుముడికి ఒక అందం ఉంది. తెలుగులో మూడక్షరాల మాటని ఎంత కెలికినా ఆరు రకాలే, నాలుగైతే ఇరవై నాలుగు. అది చిక్కుముడి ఎలా అవుతుంది? కూర్పరికి మాట కలవక చివర్లో చేతులెత్తేసి, అక్షరాలు ఎలా పడితే అలా వేసి 'తడబడింది' అని తగిలించేస్తాడు. సంధులు, సమాసాలు, జంటపదాలు, నానార్థాలు ఇంత పెట్టుకుని ఈ బద్ధకం ఎందుకో అర్థం కాదు.

నౌకాధిపతి కట్టిన గళ్ళు

విశాఖలో ఇంగ్లీషు గళ్ళకీ పెద్ద బలగమే ఉంది. యూనివర్సిటీ, పోర్టు, నౌకాదళం, ఉక్కు, అన్నిటా తరతరాలుగా 'ది హిందూ' చదివే ఇళ్ళు. ఆ పత్రిక క్రాస్‌వర్డ్ 1971 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు దాన్ని కట్టినాయన వృత్తిరీత్యా పండితుడు కాదు, పాత్రికేయుడు కాదు. వైస్ అడ్మిరల్ రామదాస్ కటారి. 1958 ఏప్రిల్‌లో భారత నౌకాదళానికి అధిపతి అయిన తొలి భారతీయుడు. తర్వాత బర్మాలో మన రాయబారి. మలివయసులో సికింద్రాబాదులో స్థిరపడి, 1983లో కన్నుమూసేదాకా ఆయన గళ్ళు కడుతూనే ఉన్నారు. ఓడలు నడిపినవాడు నల్లగళ్ళ మధ్య తెల్లగళ్ళకి దారి తీయడంలో వింతేముంది!

1971 విశాఖకి మామూలు సంవత్సరం కాదు. జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటుతుండగా పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది. అది వెతుక్కుంటూ వచ్చింది విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఇక్కడ హడావిడి చేయించారు. దాని పేరిట సరుకులు పురమాయించారు, వైర్‌లెస్ సంకేతాలు పంపించారు. ఓడ మాత్రం అండమాన్ వైపు ఉంది. క్రాస్‌వర్డ్ అభిమానులు ఈ కథ చెప్పుకునేటప్పుడు కాస్త గర్వంగా చెప్పుకుంటారు. ఆధారం ఒకచోటికి వేలు చూపిస్తుంటే జవాబు ఇంకోచోట ఉండడం వాళ్ళకి రోజూ ఉన్న వ్యవహారమే కదా.

ఇంగ్లీషు నిగూఢ ఆధారానికి ఒక నియమం ఉంది. అర్థం చెప్పే ముక్క మొదట్లోనో చివర్లోనో ఉండి తీరాలి, మిగతాదంతా మాటలగారడీ. ఆ సంగతి ఒక్కటి ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకుంటే సగం భయం పోతుంది. విశాఖలో ఇంగ్లీషు గళ్ళకి అలవాటుపడ్డ వాళ్ళని అడగండి. నాన్న దగ్గరో, మామయ్య దగ్గరో, ఆఫీసులో పై అధికారి దగ్గరో ఎవరో ఒకరి పక్కన కూర్చుని పట్టుబడినవాళ్ళే ఎక్కువమంది. పుస్తకం చదివి నేర్చుకున్నవాళ్ళు అరుదు.

సాయానికి ధర పలికిన రోజులు

ఈ ఆటలో డబ్బు దూరిన కాలం ఒకటుంది. 1950ల్లో దేశమంతా బహుమతి క్రాస్‌వర్డుల పిచ్చి పట్టింది. ప్రవేశ రుసుం కట్టి పంపాలి. ఒక ఆధారానికి రెండు మూడు మాటలు అతికేలా ఉంటాయి, నిర్వాహకుడు కవరులో మూసిపెట్టినదానితో మీది కలవాలి. బెంగళూరు నుంచి ఆర్.ఎం.డి.సి. వాళ్ళు నడిపిన పోటీలు దీనికి పెద్ద ఉదాహరణ. తెలివికన్నా జాతకం ముఖ్యం కావడంతో ఇది జూదం కిందికి వస్తుందని రాష్ట్రాలు మొత్తుకున్నాయి. శాసనం చేయమని కేంద్రాన్ని కోరుతూ తీర్మానాలు చేసిన సభల్లో ఆనాటి ఆంధ్ర, హైదరాబాద్ రాష్ట్రాలవీ ఉన్నాయి. 1955లో చట్టం వచ్చింది. నెలకి బహుమతుల మొత్తం వెయ్యి రూపాయలు దాటకూడదు, ఎంట్రీలు రెండు వేలు మించకూడదు. నిర్వాహకులు సుప్రీంకోర్టుకెక్కారు. అదృష్టం మీద నడిచేది జూదం, నేర్పు మీద నడిచేది కాదు అని 1957లో కోర్టు గీత గీసింది. ఈనాటి ఆన్‌లైన్ ఆటల వ్యాజ్యాల్లోనూ లాయర్లు ఆ తీర్పునే తిరగేస్తుంటారు.

రోజువారీ పత్రికలో పదవినోదానికి బహుమతి లేకపోవడం మంచిదే అయింది. డబ్బుంటే పక్కవాడికి అక్షరం చెప్పేవాడెవడు?

పొద్దున్నే వచ్చే పేపరు

గళ్ళకి కాఫీ వేళ కుదరాలంటే పేపరు కాఫీ వేళకి గుమ్మంలో పడాలి. ఒకప్పుడు విజయవాడలో అచ్చయిన పత్రికలు విశాఖ చేరేసరికి పొద్దెక్కిపోయేది. 1974 ఆగస్టు 10న ఈనాడు సీతమ్మధారలో పుట్టి తెల్లవారకముందే ఇంటికి రావడం మొదలుపెట్టాక ఈ ఊరి పొద్దుటి అలవాట్లే మారాయి. తర్వాత మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. ఇప్పుడు ఎ-షిఫ్ట్ వాళ్ళు ఆరింటికి గేటు దాటాలి కాబట్టి వాళ్ళ ఇళ్ళలో గళ్ళు పూరించే హక్కు తెల్లవారుజామున వాళ్ళది, మిగిలినవి ఇంట్లోవాళ్ళవి. సి-షిఫ్ట్ చేసి ఇంటికొచ్చిన మనిషికి పేపరు దొరికేసరికి అడ్డాలన్నీ నిండిపోయి, కష్టమైన నిలువులు మూడో నాలుగో మిగులుతాయి. ఆ మూడూ పూరించి గానీ నిద్రపోనివాళ్ళున్నారు.

పేపరు కొనకుండా పూరించేవాళ్ళ దారి వేరు. గ్రంథాలయంలో పేపరు మీద పెన్ను పెట్టడం మహాపరాధం. ద్వారకానగర్ పౌర గ్రంథాలయమైనా, వీధి చివర పఠనమందిరమైనా అంతే. అందుకని నోటుపుస్తకంలో గళ్ళు గీసుకుని, ఆధారాలు చదివి వచ్చి, బయట చెట్టు కింద కూర్చుని నింపుతారు. ముందుగా వచ్చినవాడు ఆబగా పేపరు మీదే నింపేసి పోయాడనుకోండి, వెనకవాళ్ళు వాడి మూడు తరాలనీ తలుచుకుంటారు. జవాబులు తప్పుగా నింపిపోయాడా, ఇక ఆ తిట్లకి అంతుండదు.

సెల్‌ఫోన్ ఏం చెబుతుంది?

ఇప్పుడు సాయం జేబులోనే ఉంది. 1885 నాటి శబ్దరత్నాకరం, అంతకుముందరి బ్రౌన్ నిఘంటువు, ఇంకా బోలెడన్ని కోశాలు ఆంధ్రభారతిలో ఒక్కచోటే వెతుక్కోవచ్చు. జి.ఎన్.రెడ్డి పర్యాయపద నిఘంటువు అట్ట చిరిగిపోయేలా వాడినవాళ్ళు విశాఖలో ఇంకా ఉన్నారు. సముద్రానికి పదో పేరు కావాలంటే నిఘంటువుని మించింది లేదు.

కొత్తగా వచ్చిన ఏఐ చాట్‌బాట్‌లని అడిగేవాళ్ళూ పెరిగారు. నాలుగక్షరాల మాట అడిగితే అయిదక్షరాలది చెప్పి, అది నాలుగేనని వాదించే సందర్భాలు ఎదురవుతుంటాయి. పాపం, దాని లోపలి లెక్క వేరు. 'స్వాతంత్ర్యం' మన కంటికి మూడక్షరాలు. కంప్యూటర్ యూనికోడ్ లెక్కలో హల్లులు, పొల్లులు, దీర్ఘం, సున్నలు విడివిడిగా పేర్చిన పన్నెండు ముక్కలు. బడిలో పలక మీద దిద్దిన పిల్లకి అక్షరమంటే ఏమిటో తెలిసినంతగా ఆ యంత్రానికి తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. పైగా అది అడగ్గానే మొత్తం జవాబు కక్కేస్తుంది. ఎండ మండిపోతందని చెప్పి ఊరుకోవడం దానికి చేతకాదు.

వాట్సాప్ గ్రూపులది ఇంకో తంటా. పొద్దున్న ఆరింటికి గళ్ళ ఫొటో పడుతుంది, ఆరుంపావుకి ఎవరో నిండా పూరించిన ఫొటో పెడతారు. మిగతావాళ్ళ రోజు అక్కడితో చెడిపోతుంది. తెలివైన గ్రూపుల్లో కట్టుబాట్లున్నాయి. మధ్యాహ్నందాకా జవాబు పెట్టకూడదు. అడిగినవాళ్ళకి అడిగినంతే చెప్పాలి. 'అడ్డం పన్నెండు, మూడో అక్షరం' అని అడిగితే ఆ మూడో అక్షరమే. పెద్దవాళ్ళు, ముఖ్యంగా కళ్ళు సరిగా కనిపించనివాళ్ళు ఫోన్‌లో ఆధారాలు చదివించుకుని తలలోనే గళ్ళు గీసుకుని జవాబులు చెబుతుంటారు. వాళ్ళకి సాయం అంటే చదివి పెట్టే గొంతు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఒక్క మాట. ఒకటో అడ్డం నుంచి వరసగా పోవద్దు. ముందు ఖాళీలున్న సామెతలు, జంటపదాలు పూర్తి చేయండి. తర్వాత వాటికి తగిలే నిలువులు. సినిమా పేర్లు చివరికి ఉంచండి, వాటికి ఇంట్లో పిల్లలున్నారు. ఒక మూల ఎంతకీ కదలకపోతే అక్కడ రాసిన వాటిలో ఒకటి తప్పై ఉంటుంది, యారాడలాంటిది.

ఈ వారానికి మూడు వేస్తున్నాం. ఒకటి: ముత్తైదువ చేతికుండేది, ఊరి పక్క పారేది, కలిస్తే ఉక్కునగరం పొరుగు (4). రెండు: జడ వేసి ఊరు చేరిస్తే నగరం నడిబొడ్డున పాత పేట (4). మూడు: స్వరాల్లో మొదటిదానికి వర్ణం చేర్చితే మరపడవకి పెద్ద (3). మొదటి రెండూ ఏ ఆటోడ్రైవర్‌ని అడిగినా వస్తాయి. మూడోదానికి పొద్దున్నే చేపల రేవుదాకా వెళ్ళాలి, పడవలు ఒడ్డుకొచ్చే వేళకి. జవాబులు వచ్చే ఆదివారం.